ఐదేళ్ల బీటెక్ + ఎంఎస్ డ్యూయల్ డిగ్రీనా, ఎన్ఐటీలో నాలుగేళ్ల సీఎస్ఈనా?

ఖమ్మం నాన్న | జూన్ 12, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తే ఎన్ఐటీ వరంగల్‌లో సీఎస్ఈ వచ్చేలా ఉంది. ఇంకోపక్క గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్ళ సొంత ప్రవేశ పరీక్ష యూజీఈఈ రాశాడు, ఇంటర్వ్యూ కూడా అయింది, బాగా చేశానంటున్నాడు. అందులో వస్తే సీఎస్ఈలో బీటెక్‌తో పాటు ఎంఎస్ బై రీసెర్చ్ కలిపి ఐదేళ్లు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. వాళ్ళమ్మ "ఒక్క ఏడాదే కదా ఎక్కువ, మాస్టర్స్ కూడా అయిపోతుంది" అంటుంది. మా బావమరిది "నాలుగేళ్లలో ఉద్యోగం చేతికొస్తుంటే ఐదో ఏడు ఎందుకు" అంటాడు. నేను ఇరిగేషన్‌లో పనిచేస్తాను, కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్ జోసాలో ఆప్షన్లు పెట్టాలి. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

సెమికోలన్ సుబ్బారావు | జూన్ 12, రాత్రి 10:05

మీ బావమరిదికి నా ఓటు. పదకొండేళ్లుగా హైటెక్ సిటీలో ఉన్నా. ఇంటర్వ్యూల్లో కూర్చుంటా. సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఉద్యోగానికి వచ్చినవాడి దగ్గర ఎంటెక్ ఉందా లేదా అని మేం చూడం. కోడ్ రాయించి చూస్తాం, సిస్టమ్ డిజైన్ అడుగుతాం. మామూలు డెవలపర్ పోస్టుకి చాలా కంపెనీల్లో డ్యూయల్ వాళ్ళకీ బీటెక్ వాళ్ళకీ ప్యాకేజీ ఒక్కటే. లెక్క వేసుకోండి: ఐదో ఏడాది ఫీజు, హాస్టలు, దానిమీద ఆ ఏడాది రావాల్సిన జీతం. మూడూ కలిపితే ఖమ్మంలో మంచి ప్లాటుకి అడ్వాన్సు.

గోదారి గట్టు | జూన్ 12, రాత్రి 10:31

ట్రిపుల్ ఐటీ అంటే ఆరేళ్లు కదండీ? మా మేనకోడలు బాసరలో చదువుతోంది, టెన్త్ మార్కుల మీద ఇచ్చారు. యూజీఈఈ ఏంటి మధ్యలో?

లెక్కల మాస్టారు | జూన్ 12, రాత్రి 11:10

గోదారి గట్టు గారూ, బాసర, నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళంలో ఉన్నవి రాజీవ్ గాంధీ పేరుతో పెట్టిన ఆర్జీయూకేటీవి, మొదటి మూడూ 2008లో మొదలయ్యాయి, శ్రీకాకుళం తర్వాత వచ్చింది. అక్కడి ఆరేళ్లలో రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. మాస్టర్స్ ఉండదు. గచ్చిబౌలిది వేరే సంస్థ, 1998 నాటిది. దానికి జోసాతో సంబంధం లేదు, అడ్మిషన్లు సొంతంగా చేసుకుంటుంది. నాలుగేళ్ల బీటెక్‌కి జేఈఈ మెయిన్ ర్యాంకు తీసుకుంటుంది, డ్యూయల్‌కి యూజీఈఈ పెడుతుంది. యూజీఈఈలో రెండు పేపర్లు. ఒకటి మన ఇంటర్ సబ్జెక్టుల మీద. రెండోది రీసెర్చ్ ఆప్టిట్యూడ్, అంటే సూత్రం బట్టీ పట్టి వేసే లెక్కలు కావు, ఆలోచనను పరీక్షించేవి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. దీన్నిబట్టే వాళ్ళు ఎలాంటి పిల్లల కోసం చూస్తున్నారో తెలుస్తుంది.

పనిలో పనిగా ఇంకో విషయం. నేను ఇంజినీరింగ్ కాలేజీలో చెబుతాను, ఏటా ఈ సీజన్లో తల్లిదండ్రులు అడిగేది ఇదే. "ఐదేళ్లు" అని బోర్డు పెట్టినవన్నీ ఒకే సరుకు కాదు.

డ్యూయల్ డిగ్రీ అంటే చివర్లో రెండు పట్టాలు. ఐఐటీ ఢిల్లీలో సీఎస్ఈ బీటెక్ + ఎంటెక్ ఇలాంటిదే, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో జోసాలో వస్తుంది. ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ అంటే సాధారణంగా ఐదేళ్లకి ఒకే పట్టా, ఎంటెక్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, అది కూడా జోసాలోనే కనిపిస్తుంది. వీఐటీలోనూ ఇంటిగ్రేటెడ్ ఎంటెక్‌లున్నాయి. ఒకే పట్టా ఉంటే నష్టమేం లేదు గానీ, కొన్ని ఉద్యోగాల ఆన్‌లైన్ ఫారాల్లో "బీటెక్ పాసైన సంవత్సరం" అనే గడి తప్పనిసరిగా నింపమంటారు. అక్కడ మా పాత విద్యార్థులు తల పట్టుకుని ఫోన్ చేస్తుంటారు. మధ్యలో బీటెక్‌తో బయటికి రానిస్తారా అన్నది కూడా చేరే ముందే చూసుకోవాలి.

బిట్స్ హైదరాబాద్‌లో డ్యూయల్ అంటే మళ్ళీ వేరు. ముందు ఎంఎస్సీ ఎకనామిక్స్‌లోనో ఫిజిక్స్‌లోనో చేరతారు, మొదటి ఏడాది మార్కుల సగటు (సీజీపీఏ) బట్టి బీఈ బ్రాంచి ఇస్తారు. బీఈ కంప్యూటర్ సైన్స్ దొరకొచ్చు, కానీ మాస్టర్స్ మాత్రం కంప్యూటర్స్‌లో కాదు.

వాట్సాప్ వర్మ | జూన్ 13, ఉదయం 6:20

ఇంత గొడవ ఎందుకు సార్. యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని రూలు తెచ్చింది. బీటెక్ చదువుతూనే పక్కన ఎంటెక్ చేసేస్తే సరి.

లెక్కల మాస్టారు | జూన్ 13, ఉదయం 7:02

వర్మ గారూ, 2022లో యూజీసీ ఇచ్చిన అనుమతి ఒకే సమయంలో రెండు కోర్సులు చదవడానికి. ఎంటెక్‌లో చేరాలంటే అర్హతే బీటెక్. అది చేతిలో లేకుండా ఎంటెక్ తలుపు తెరుచుకోదు. మీరు చెప్పిన రూలు వేరేవాళ్ళకి పనికొస్తుంది. బీటెక్ చదువుతూ ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ చేసేవాళ్ళు మా కాలేజీలోనే ఉన్నారు. కానీ అవి రెండూ బ్యాచిలర్సే.

రాత్రి డ్యూటీ | జూన్ 13, మధ్యాహ్నం 1:15

నేను డ్యూయల్ డిగ్రీ చేసినవాణ్ణి. కాలేజీ పేరు వద్దు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఇప్పుడు ఒక కంపెనీ రీసెర్చ్ గ్రూపులో ఉన్నాను.

ఖమ్మం నాన్న గారూ, మీ ఇంట్లో రెండు పార్టీలూ "ఒక ఏడాది" అని లెక్కపెడుతున్నారు. మాస్టర్స్ నాలుగో ఏడాది అయ్యాక మొదలవ్వదండీ. రెండో ఏడాది చివరో మూడో ఏడాదిలోనో ఒక ల్యాబులో చేరాలి, గైడ్‌ని వెతుక్కోవాలి. అక్కణ్ణుంచి మీ వాడి టైమ్ రెండు ముక్కలవుతుంది. పక్కరూమ్ బీటెక్ వాడు సాయంత్రం కోడ్‌ఫోర్సెస్ సైట్లో ప్రోగ్రామింగ్ కాంటెస్టు రాస్తుంటే వీడు ల్యాబ్ మీటింగులో పోయినవారం చదివిన రీసెర్చ్ పేపర్ గురించి చెబుతుంటాడు. ఎంఎస్ బై రీసెర్చ్ అంటే కోర్సులు తక్కువ, థీసిస్ ఎక్కువ. పరీక్ష రాస్తే పాసో ఫెయిలో తెలుస్తుంది. థీసిస్‌కి అలా ఉండదు, గైడ్ ఒప్పుకోవాలి, బయటి ఎగ్జామినర్లు ఒప్పుకోవాలి, దానికి ముందు ఒక పేపర్ ఎక్కడైనా అచ్చవ్వాలి.

నా పని తెలుగు మీద. సోషల్ మీడియాలో తెలుగూ ఇంగ్లిషూ కలిపి రాసే వాక్యాల్లో ఏ మాట ఏ భాషదో, ఏది క్రియో, ఏది పేరో యంత్రానికి నేర్పించాలి. వినడానికి బాగుంటుంది. రోజూ చేసేదేమిటంటే ఎక్సెల్ షీటు తెరిచి "బస్ మిస్సయ్యానన్నాడు" అన్నదాన్ని ఎక్కడ విరగ్గొట్టాలో తేల్చడం. నేనొకలా విరిచాను, నాతో కూర్చున్న ఆమె ఇంకోలా విరిచింది. ఇద్దరం ఎంతవరకు ఏకీభవిస్తున్నామో కొలిచే అంకె ఒకటుంటుంది, కప్పా అంటారు. అది తక్కువొస్తే గైడ్‌లైన్లు మార్చి మొదటి వాక్యం నుంచి మళ్ళీ చెయ్యాలి. చేశాం. ఇంత చేశాక కాన్ఫరెన్సుకి పేపర్ పంపే డెడ్‌లైను. ఆ లోకంలో డెడ్‌లైన్ "భూమ్మీద ఎక్కడైనా" టైమ్‌లో ఉంటుంది, మనకి మర్నాడు సాయంత్రం ఐదున్నర. అందుకే రాత్రంతా మేలుకుని, పొద్దున కూడా మేలుకుని, సాయంత్రం ఐదింటికి పీడీఎఫ్‌లో టేబుల్ మార్జిన్ దాటిందని ఏడవడం మా అందరికీ అలవాటు.

ఆ పేపర్ రిజెక్టయింది. అంతలో మా గైడ్ వేరే దేశం వెళ్ళిపోయారు. కొత్తాయనకి నా టాపిక్ మీద ఆసక్తి లేదు. సంస్థ తరఫున పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ జూలైలో, నా థీసిస్ డిఫెన్స్ (ఎగ్జామినర్ల ముందు చివరి పరీక్ష) మాత్రం ఆ డిసెంబర్‌కి అయ్యింది. కంపెనీవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఆగారు. ఐదేళ్లన్నది ఐదున్నర అవ్వడం మా బ్యాచ్‌లో వింతేం కాదు.

ఇంత చెప్పాక కూడా, మళ్ళీ అడిగితే డ్యూయలే తీసుకుంటాను. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న పట్టుకుని ఏడాదిన్నర కూర్చోవడం నాకు నచ్చింది. అది నచ్చనివాడికి అదే నరకం. కాబట్టి ముందు పిల్లాణ్ణి అడగండి. మీరు రాసినదాంట్లో వాళ్ళమ్మ ఏమంటుందో ఉంది, మామయ్య ఏమంటాడో ఉంది, వాడేమంటున్నాడో లేదు.

సెమికోలన్ సుబ్బారావు | జూన్ 13, మధ్యాహ్నం 1:52

రాత్రి డ్యూటీ గారూ, మీరే నా మాట రుజువు చేశారు కదా! ఐదున్నరేళ్లు, గైడ్ మారడం, రిజెక్షన్. అంతకంటే బీటెక్ అవగానే ఉద్యోగం చూసుకుని, రెండేళ్లు చేశాక మాస్టర్స్ కావాలనిపిస్తే అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ ఆన్‌లైన్ మాస్టర్స్ చేసుకోవచ్చు. 2014 నుంచి నడుస్తోంది, పది కోర్సులు, మొత్తం ఫీజు ఏడు వేల డాలర్ల చుట్టుపక్కల. మా టీమ్‌లో ఉద్యోగం మానకుండా చేసినవాళ్ళున్నారు.

రాత్రి డ్యూటీ | జూన్ 13, మధ్యాహ్నం 2:20

అది మంచి కోర్సే, కాదనను. కానీ మామూలుగా దాన్ని కోర్సులతోనే పూర్తి చేస్తారు, థీసిస్ ఉండదు. ఇక్కడి ఎంఎస్ అసలు థీసిసే. మీ టీమ్‌లో డెవలపర్ పోస్టుకి మాస్టర్స్ చూడరన్నారు, నిజం. మా గ్రూపులో మాత్రం పేపర్ లేనివాడి రెజ్యూమె ముందుకు కదలదు. పీహెచ్‌డీకి వెళ్ళాలన్నా అంతే, ప్రొఫెసర్ రాసే సిఫార్సు లేఖలో "ఈ కుర్రాడితో ఏడాదిన్నర పనిచేశాను" అన్న వాక్యానికి ఉన్న బరువు మార్కులకి లేదు.

లెక్కల మాస్టారు | జూన్ 13, మధ్యాహ్నం 3:40

మధ్యలో ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ దారిని మరిచిపోతున్నారు. నాలుగేళ్ల బీటెక్, గేట్ రాసి ఐఐటీలో రెండేళ్ల ఎంటెక్. మొత్తం ఆరేళ్లు, కానీ ఆ రెండేళ్లూ నెలకి 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి మధ్యలో ఉద్యోగం చేసి చూసి కూడా వెళ్ళొచ్చు. పద్దెనిమిదేళ్ల వయసులో రీసెర్చ్ కావాలో వద్దో తేల్చుకోలేనివాడికి ఇది నెమ్మదైన దారి. నష్టం ఒకటే, గేట్ సీఎస్ పోటీ. మంచి ఐఐటీలో సీఎస్ సీటంటే మాటలు కాదు.

మా వృత్తిలోకి రావాలనుకుంటే మాత్రం మాస్టర్స్ తప్పదు. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధన బీటెక్‌తో పాటు ఎంటెక్, లేదా ఇంటిగ్రేటెడ్ ఎంటెక్, ఏదో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్. జీతాల సంగతి అడక్కండి.

ఆల్ఫారెట్టా నుంచి | జూన్ 13, సాయంత్రం 6:30

ఇక్కడ అమెరికాలో తెల్లారింది, కాఫీ తాగుతూ చదువుతున్నా. మా అమ్మాయి జార్జియా టెక్‌లో కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు. వాళ్ళకి బీఎస్/ఎంఎస్ అని ఉంది. మీరనే డ్యూయల్‌కీ దీనికీ తేడా చెప్తా, చర్చకి పనికొస్తుందేమో.

ఇక్కడ పన్నెండో తరగతి అవ్వగానే "ఐదేళ్లకి కట్టుబడు" అని అడగరు. బ్యాచిలర్స్‌లో చేరాక, చదువుతుండగా అప్లై చేసుకోవచ్చు, జీఆర్ఈ పరీక్ష అక్కర్లేదు. బ్యాచిలర్స్ 3.5 జీపీఏతో పూర్తి చేస్తే ఆరు క్రెడిట్ల వరకు గ్రాడ్యుయేట్ కోర్సుల్ని రెండు డిగ్రీలకీ లెక్కపెట్టుకోవచ్చు. మాస్టర్స్‌కి కావాల్సినవి ముప్ఫై. అంటే ఐదోవంతు ముందే చేతిలో ఉన్నట్టు. వద్దనుకుంటే బ్యాచిలర్స్ పట్టా పుచ్చుకుని ఉద్యోగానికి పోవచ్చు, ఎవరూ ఏమనరు. థీసిస్ కావాలంటే చెయ్యొచ్చు, లేదంటే కోర్సులతో ముగించొచ్చు.

పిల్లల్లో ఎక్కువమంది దీన్ని రీసెర్చ్ కోసం చెయ్యడం లేదు. ఉద్యోగాల మార్కెట్ నీరసంగా ఉంటే ఇంకో ఏడాది క్యాంపస్‌లో ఉండటానికి, ఇంకో సమ్మర్ ఇంటర్న్‌షిప్ సంపాదించడానికి చేస్తున్నారు. మా ఆవిడకి ఇది నచ్చదు, నాకు తప్పేం కనిపించదు. ఇండియాలో డ్యూయల్ చేసి ఇక్కడికి మళ్ళీ ఎంఎస్‌కి వద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: అదే సబ్జెక్టులో రెండో మాస్టర్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. డ్యూయల్ చేసినవాళ్ళు ఇటొస్తే పీహెచ్‌డీకి రావడమే అర్థవంతం.

చిన్న సందేహం | జూన్ 13, రాత్రి 8:15

అన్నయ్యలూ, నేను గుంటూరు దగ్గర కాలేజీలో బీటెక్ రెండో ఏడాది అయ్యింది. ఇప్పుడు ఇలాంటి డ్యూయల్‌లోకి మారే ఛాన్స్ ఏమైనా ఉందా? మా కాలేజీలో రీసెర్చ్ అంటే ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కోవడమే.

రాత్రి డ్యూటీ | జూన్ 13, రాత్రి 8:40

ఉందమ్మా. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో లేటరల్ ఎంట్రీ పరీక్ష ఉంది. వేరే కాలేజీలో రెండేళ్లు చదివినవాళ్ళు రాసి డ్యూయల్‌లో చేరొచ్చు. సీట్లు కొద్దిగానే ఉంటాయి. ఈ ఏడాది నోటిఫికేషన్ తేదీలు వాళ్ళ అడ్మిషన్ల పేజీలో చూసుకో. ఐఐటీల్లో కూడా లోపలున్నవాళ్ళు మధ్యలో మారొచ్చు. కాన్పూర్‌లో బీటెక్ వాళ్ళు బీటెక్–ఎంటెక్‌కి మార్చుకుంటారు, బాంబేలో వేరే విభాగం మాస్టర్స్‌తో కలిపే పద్ధతి ఉంది. అది బయటివాళ్ళకి కాదు. ఇక ప్రాజెక్టు మాత్రం కొనకు. సొంతంగా చేసిన చిన్నది చాలు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

బ్యాంకు మామయ్య | జూన్ 13, రాత్రి 9:30

రిటైర్డ్ మేనేజర్‌ని. లోన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకునేట్టయితే ఐదేళ్ల మొత్తానికీ ఒకేసారి శాంక్షన్ చేయించుకోండి. నాలుగేళ్లకి తీసుకుని, ఐదో ఏడాదికి మళ్ళీ వస్తే కొత్త అప్లికేషన్ అన్నట్టే తిరగాలి. తిరిగి కట్టడం మామూలుగా కోర్సు ముగిసిన ఏడాదికి మొదలవుతుంది. "కోర్సు" అంటే అడ్మిషన్ లెటర్‌లో ఉన్న కాలం. పైన ఆ బాబు చెప్పినట్టు థీసిస్ ఆరు నెలలు సాగితే కాలేజీ నుంచి లెటర్ తెచ్చి బ్రాంచిలో ఇవ్వాలి, దానంతటది పొడిగింపు అవ్వదు. నాలుగు లక్షల వరకు మార్జిన్ (మన చేతినుంచి పెట్టాల్సిన వాటా) ఉండదు, ఏడున్నర లక్షల దాకా తనఖా అడగరు. దానికి మించితే ఆ కాలేజీ బ్యాంకు స్పెషల్ లిస్టులో ఉందేమో కనుక్కోండి, స్టేట్ బ్యాంకులో దాన్ని స్కాలర్ లోన్ అంటారు. వీలైతే చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోండి. ఐదేళ్ల వడ్డీ అసలుతో కలిస్తే తర్వాత ఈఎంఐ చూసి గుండె జారుతుంది. కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటేనే.

ఖమ్మం నాన్న | జూన్ 14, ఉదయం 7:45

అందరికీ ధన్యవాదాలు. రాత్రి డ్యూటీ గారు అడిగింది నిజమే, వాణ్ణి మేం అడగలేదు. నిన్న రాత్రి ఫోన్ వాడి చేతికే ఇచ్చి మొత్తం చదవమన్నాను. చదివి, "నేనే రాస్తా" అన్నాడు. ఈ కింది పోస్టు వాడిదే.

---

నమస్తే అండి. నాకు కాంటెస్టులంటే ఇష్టం, ఇంటర్లో కూడా ఫోన్‌లో దాచుకుని కోడ్ రాసేవాణ్ణి (నాన్న చదువుతున్నారు, పర్లేదు). రీసెర్చ్ అంటే ఏంటో నిజంగా తెలియదు. ఇంటర్వ్యూలో మాత్రం ఒక ప్రశ్న నచ్చింది. ఒక ఊళ్ళో అందరి ఎత్తుల సగటు కావాలి, కానీ ఎవరూ తమ ఎత్తు ఎవరికీ చెప్పకూడదు, ఎలా కనుక్కుంటావు అన్నారు. నేను ఏదో చెప్పాను, వాళ్ళు "ఇద్దరు కుమ్మక్కైతే?" అన్నారు. బయటికొచ్చాక కూడా బస్సులో ఖమ్మం దాకా అదే ఆలోచించాను. అది రీసెర్చ్ కిందికి వస్తుందా? ఇంకోటి, గైడ్ వెళ్ళిపోతే ఏం చెయ్యాలి?

రాత్రి డ్యూటీ | జూన్ 14, ఉదయం 9:10

తమ్ముడూ, అది క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారాన్ని రహస్యంగా ఉంచే శాస్త్రం. సెక్యూర్ మల్టీపార్టీ కంప్యుటేషన్ అంటారు. 1980ల్లో మొదలైన ఈ రంగంలో ఇప్పటికీ పేపర్లు వస్తున్నాయి. "ఇద్దరు కుమ్మక్కైతే" అన్నదే అసలు ప్రశ్న, ఎంతమంది కుమ్మక్కైనా తట్టుకోగలమో లెక్కగట్టడమే పని. ఒక రహస్య అంకెను ముక్కలు చేసి పంచడం గురించి, షమీర్ 1979 పేపర్ వెతుక్కుని చదువు. రెండు పేజీలే. బహుపదుల గురించి ఇంటర్లో చదివిన లెక్కలే అందులో పనికొస్తాయి.

ఆ తర్వాత ట్రిపుల్ ఐటీ వెబ్‌సైట్లో పాత ఎంఎస్ థీసిస్‌లు ఉంటాయి, ఏవైనా మూడు తెరువు. మొదటి చాప్టర్ చాలు. ఒక్కదానిలోనైనా "తర్వాతేమైంది" అనిపించకపోతే వరంగల్ వెళ్ళు, కాంటెస్టులు ఆడుకో, హాయిగా ఉంటుంది. అక్కడ కూడా ప్రొఫెసర్లున్నారు, అడిగితే పని ఇస్తారు.

గైడ్ విషయం: ఒకే మనిషి ఉన్న ల్యాబులో చేరకు. ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి నడిపే సెంటర్ చూసుకో. చేరేముందు ఆ ల్యాబ్ నాలుగో ఏడాది వాళ్ళతో టీ తాగు, వాళ్ళ గైడ్ మెయిల్‌కి ఎన్నాళ్ళకి జవాబిస్తారో అడుగు. ఎన్ని పేపర్లు వేశారన్నదానికంటే ఇదే ముఖ్యం.

సెమికోలన్ సుబ్బారావు | జూన్ 14, ఉదయం 9:33

ఖమ్మం దాకా బస్సులో అదే ఆలోచించాడంటే నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. ప్లాటు తర్వాత కొనుక్కోవచ్చు.

లెక్కల మాస్టారు | జూన్ 14, ఉదయం 10:20

నిర్ణయం ఏదైనా, ఖమ్మం నాన్న గారూ, ఈలోపు జోసా వదలకండి. యూజీఈఈ ఫలితం చేతికొచ్చేదాకా వరంగల్ సీఎస్ఈ ఆప్షన్లలో పైనే ఉంచండి. సీటు వస్తే ఫ్రీజో (ఇదే చాలు), ఫ్లోటో (ఇంకా మంచిది వస్తే మారతాను) పెట్టి, ఫీజు కట్టి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయండి. గచ్చిబౌలి ఖాయమైతే జోసాలో విత్‌డ్రా చేసుకోవచ్చు, కానీ చివరి రౌండుకి ముందే చెయ్యాలి. గడువు దాటితే కట్టిన డబ్బు వెనక్కి రాదు. ఆ తేదీ ఈ ఏడాది షెడ్యూల్ పీడీఎఫ్‌లో ఉంటుంది, ప్రింటు తీసి పెట్టుకోండి.

ఖమ్మం నాన్న | జూన్ 14, ఉదయం 11:05

ప్రింటు తీశాను మాస్టారూ. వాడు పొద్దున్నుంచి ఆ షమీర్ పేపర్ రెండు పేజీలూ పట్టుకుని కూర్చున్నాడు, టిఫిన్‌కి కూడా లేవలేదు. వాళ్ళమ్మ నన్ను తిడుతోంది.